గీతలు ఫుల్... మాట కట్!

సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నా కాల్‌లో మాట తెగుతోందా? నేనైతే టవర్ వెనకున్న దారిని అనుమానిస్తా. ఆ గీతలు ఫోన్‌కీ టవర్‌కీ మధ్య సంగతే చెబుతాయి. అక్కణ్ణుంచి నెట్‌వర్క్ లోపలికెళ్లే ఐపీ లింక్ గురించి ఏమీ చెప్పవు.

దాన్ని కొలిచే ట్వాంప్ పద్ధతి 2008లో వచ్చింది. నంబరు, టైము వేసిన టెస్ట్ ప్యాకెట్లు వదులుతారు. అవతలి చివర తన టైములూ వేసి తిప్పి పంపుతుంది. నంబరు తప్పితే ప్యాకెట్ పోయినట్టే. టైముల తేడాలో ఆలస్యం తేలుతుంది.

ఆలస్యం కన్నా, అది క్షణానికోలా మారడమే నాకు చిరాకు. దీన్నే జిట్టర్ అంటారు. వోల్టే కాల్‌లో మాట 20 మిల్లీసెకన్ల ముక్కలుగా వెళ్తుంది. మరీ లేటైన ముక్కను ఫోన్ పారేస్తుంది. వీడియో అయితే కాసేపు ఆగి ఆడుతుంది, మాట ఆగలేదుగా!

మీరూ పింగ్ కొట్టండి (రేడియో దారి కూడా కలిసిన లెక్క అది). సగటు సరే, గరిష్ఠం ఎంతో చూడండి.