తరిమెన పట్టని చేతులు

"ఇంట్లో పెట్టుకొనే చిన్న లేతు మిషను డబ్బున్నవాడి ఆటబొమ్మ" అనే మాట చదువుకున్నవారి నోట తరచుగా వినబడుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి ఊళ్ళలో దానితో పనేమిటన్న ప్రశ్న ఆ మాటకు తోకగా వస్తుంది. ఈ అభిప్రాయం పొరపాటే కాదు, హానికరం కూడా అని నా వాదన.

తెలియనివారి కోసం ముందుగా నాలుగు మాటలు. లోహపు కడ్డీని చక్కులో బిగించి తిప్పుతూ, పదునైన టూలు మొనను దానికి ఆనించి, కావలసిన మందానికి గుండ్రంగా చెక్కే యంత్రం లేతు. రోడ్డు పక్క లేత్ వర్క్స్‌లో ఉండేది మంచమంత పొడవు, మనుషులు మోయలేని బరువు. నేను చెబుతున్న చిన్న లేతు సుమారు 40 కిలోలుంటుంది. 180 మిల్లీమీటర్ల వ్యాసం, 300 నుంచి 350 మిల్లీమీటర్ల పొడవు వరకు పని పట్టుకొంటుంది. బల్ల మీద కూర్చుని ఇంటి కరెంటుతోనే నడుస్తుంది. బుష్షులు, పిన్నులు, చిన్న పుల్లీలు చేయవచ్చు; గేర్లు మార్చి మరలు కోయవచ్చు. ఖరీదు ఇంచుమించు ఒక మోటారుసైకిలంత.

మొదటి ఆక్షేపణ: "వీధికొక లేతు ఉండగా ఇంట్లో ఎందుకు?" ఉన్న మాట నిజమే. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలిన తరువాత ఈ ప్రాంతమంతా వరి పరుచుకొన్నది. వరి వెంట మిర్యాలగూడకు రైసు మిల్లులు వచ్చినవి. హైదరాబాదు, విజయవాడల నడుమ రహదారి మీద ఉన్న సూర్యాపేట, కోదాడలకు లారీల పని ఉండనే ఉన్నది. షాఫ్టు అరిగినా, బుష్షు వదులైనా లేతు దగ్గరికి రావలసిందే. ఆ టర్నర్ల నైపుణ్యం పట్ల నాకున్న గౌరవం చిన్నది కాదు. కాని అక్కడ లేతు అన్నం పెట్టే యంత్రం. కోతల కాలంలో హార్వెస్టరు బయట ఆగి ఉండగా, ఏ టర్నరైనా ఒక కుర్రవాణ్ణి పిలిచి "మూడు కడ్డీలు పాడుచెయ్యి, నాలుగోది వస్తుంది" అనగలడా? అనలేడు, అనమనడం అన్యాయం. మన ఊళ్ళలో లేతులకు కొదవ లేదు. లేతు ముందు నిలబడి తప్పు చేసే తీరికకే కొదవ. ఐ.టి.ఐ.లో రెండేళ్ళ టర్నర్ కోర్సు ఉన్నది, కాని అది బతుకుతెరువుగా ఎంచుకొన్నవారికి. డిగ్రీ చదివే అమ్మాయికి, రిటైరైన లెక్కల మాస్టారికి, గడియారాలు బాగుచేసే మనిషికి తలుపు ఎక్కడ?

రెండవ ఆక్షేపణ ఆటబొమ్మ అన్నది. ఇంగ్లండులో 'మోడల్ ఇంజనీర్' పత్రిక 1898లో మొదలైంది. ఇళ్ళలో లేతులు పెట్టుకొని చిన్న ఆవిరియంత్రాలు చేసే ఔత్సాహికుల కోసమే అది పుట్టింది. అటువంటి ఒక మనిషిని నాయకుణ్ణి చేసి నెవిల్ షూట్ తన చివరి నవల రాశాడు. అది 1960లో వెలువడింది. ఇంటి కింది గదిలో చిన్న లేతు, పత్రికకు వ్యాసాలు, చేతిలో పెద్దగా డబ్బు లేకపోవడం - ఆ నాయకుని సంపద అదీ. అమెరికాలో డేవ్ గింజరీ ఇంకొక మెట్టు దిగి, బొగ్గుల కొలిమిలో పాత అల్యూమినియం కరిగించి పోతపోసి, సొంతంగా లేతు చేసుకొనే పద్ధతిని 1980 ప్రాంతంలో పుస్తకంగా రాశాడు. పాత లారీ పిస్టన్లు దొరికే సూర్యాపేటలో ఆ పుస్తకానికి పాఠకులుండకూడదా?

మూడవది కొత్త ఆక్షేపణ: "కంప్యూటరు యంత్రాలు, త్రీడీ ప్రింటర్లు వచ్చాక ఇదంతా పాతచింతకాయ పచ్చడి" అని. హైదరాబాదులో 2023లో టీ-వర్క్స్ ప్రారంభమైంది, సంతోషం. కాని సూర్యాపేట బడిపిల్లవాడు సాయంత్రం నడిచి వెళ్ళగలిగిన దూరంలో లేదు కదా! పైగా ఇత్తడి రవ్వలుగా రాలుతుందని, మెత్తని ఉక్కు పొడుగాటి చుట్టలుగా లేస్తుందని, పోత ఇనుము నల్లని పొడిగా పడుతుందని చేతితో పిడి తిప్పినవాడికి ఒక్క పూటలో తెలుస్తుంది. ఆ ఎరుక లేకుండా కంప్యూటరుకు వేగాలు చెప్పేవాడు గుడ్డిగా చెబుతాడు.

అసలు కారణం ఈ మూడింటిలో దేనిలోనూ లేదు. లేతుకు తెలుగులో 'తరిమెన' అనే పాత మాట ఉన్నది. తరిమెన పట్టడమంటే తిప్పుతూ నునుపుగా చెక్కడం. ఏటికొప్పాకలో అంకుడు కర్రను అలాగే తిప్పి, లక్క అద్ది బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వస్తే మనం చప్పట్లు కొట్టి, అద్దాల బీరువాలో పెట్టుకొన్నాం. మన పిల్లవాడు తరిమెన ముందు కూర్చుంటానంటే మాత్రం ముఖం చిట్లిస్తాం. చేతిపనిని కొన్ని కులాలకు వదిలివేసి, పొగడ్తను మాత్రం మన దగ్గర ఉంచుకొన్నాం. అందువల్ల చేతికి తెలిసినది కాగితం మీదికి రాలేదు, కాగితం మీద ఉన్నది చేతికి అందలేదు. నేడు టర్నరు కొడుకు వేరే ఉద్యోగం చూసుకొంటే తప్పు పట్టే అర్హత మనకు లేదు. కాని ఇష్టంతో ఆ విద్యను అందుకొనేవారు ఊళ్ళో మరొకరు లేకపోతే, అది ఆ తండ్రితోనే ముగుస్తుంది.

చిన్న లేతుకు లోపాలు లేవనను. బరువు తక్కువ గనుక ఉక్కు మీద లోతుగా కోస్తే వణుకుతుంది. కొన్నాక చాలావాటిని విప్పి, శుభ్రం చేసి, వదులు బిగించుకోవలసి వస్తుంది. ప్రమాదమూ ఉన్నది. చక్కు తాళాన్ని చక్కులోనే మరచి మోటారు వేస్తే అది బాణంలా వచ్చి తగులుతుంది. చున్నీ, గొలుసు, పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగు - ఇవేవీ దాని దగ్గర పనికిరావు. ఇవన్నీ నేర్పవలసినదానికి కారణాలే గాని, వద్దనడానికి కాదు.

నేను అడిగేది చిన్న విషయం. ఈ మూడు ఊళ్ళలో ఒక్కొక్క బడిలోనో గ్రంథాలయంలోనో ఒక చిన్న లేతు ఉండాలి. వారానికి రెండు సాయంత్రాలు, పని మానుకొన్న పాత టర్నరును జీతమిచ్చి, గురువుగారూ అని పిలిచి కూర్చోబెట్టాలి. పాడైన కడ్డీల ఖర్చు ముందే లెక్కలో రాసుకోవాలి. తెలుగులో రాసే మనం, ఆయన నోటి మాటలను - చక్కు, బెడ్డు, టూలు, మర - దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టాలి. మోటారుసైకిలు ఖరీదుకు ఒక ఊరికి ఇంతకంటె ఎక్కువ ఇచ్చే వస్తువు ఏదైనా ఉంటే చెప్పండి. కాదనేవారు కారణాలతో రండి, వింటాను. 'ఆటబొమ్మ' అన్న ఒక్క మాటతో మాత్రం రావద్దు.