కథ రాసే చేతికి మార్కులేవీ?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో డిగ్రీ ముగించి ఎం.ఏ. తెలుగు చదవదలచిన విద్యార్థి నేడు సీపీగెట్ రాయాలి. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. అన్నీ సరైన జవాబును గుర్తించేవే. సొంతంగా రాసే వాక్యం ఒక్కటీ లేదు! ప్రవేశాల్లో క్రీడాకారులకు కోటా ఉంది, ఎన్‌.సి.సి. వారికీ ఉంది. ఉండవలసిందే. మరి కథలు, కవితలు రాసే పిల్లల సంగతేమిటి?

సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమంలో చదువుకుంటూనే తెలుగు కవి అయ్యారు. ఉస్మానియాలో తెలుగు ఆచార్యులై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. అటువంటి విద్యార్థికి తెలుగు మీద ఎంత పట్టున్నదో గడులు నింపిస్తే తెలుస్తదా?

"రాతకు మార్కులిస్తే పక్షపాతం రాదా?" అంటారు. న్యాయమైన భయమే. పేరు కనబడకుండా నంబరు వేసి, ఇద్దరు అధ్యాపకులచేత విడివిడిగా దిద్దించవచ్చు. 80 మార్కులు గడులకు, 20 మార్కులు పరీక్ష హాల్లోనే రాసిన ఒక్క పేజీకి ఇవ్వాలని నా సూచన. అచ్చయిన రచనలు మాత్రం అడగొద్దు; అది పత్రికల్లో పరిచయాలున్నోళ్లకే లాభం.

మిత్రులారా! మన సంఘం ఈ మేరకు తీర్మానం చేసి విశ్వవిద్యాలయాలకు పంపాలె. తెలుగు చదవవచ్చిన వారిని ఒక్క పేజీ తెలుగు రాయమనడం అత్యాశ కాదు గదా!