టీకి పిలిచే పాట

ది హూ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి విరిగిన గిటార్లు. 1964లో లండన్‌లో మొదలైన ఈ రాక్ బృందంలో పీట్ టౌన్షెండ్ వేదిక మీదే గిటార్‌ను నేలకేసి కొట్టేవాడు, కీత్ మూన్ డ్రమ్ములను తన్ని పడేసేవాడు. 1965 నాటి 'మై జనరేషన్' నిండా పెద్దవాళ్ళ మీద విసుగే. మన బడిలో గిటార్ నేర్చుకునే పిల్లలు వెతుక్కుని వినేవీ ఆ రోజుల పాటలే. 2006లో వచ్చిన 'టీ అండ్ థియేటర్'ను మాత్రం ఎవరూ అడగరు. దానికి అన్యాయం జరిగిందని మేమంటాం.

అది 'ఎండ్‌లెస్ వైర్' ఆల్బమ్‌లో ఆఖరి పాట. దానికి ముందు ఆల్బమ్ వచ్చింది 1982లో. ఈ 24 ఏళ్ళలో మనుషులు తగ్గిపోయారు. మూన్ 1978లోనే పోయాడు, బేస్ గిటార్ వాయించే జాన్ ఎంట్విసిల్ 2002లో పోయాడు. మిగిలింది టౌన్షెండ్, గాయకుడు రోజర్ డాల్ట్రీ. ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్ళే గానీ ఒకరికొకరు పొసిగింది తక్కువ. 1965లో కొన్నాళ్ళు డాల్ట్రీని బృందంలోంచి పంపేశారు కూడా. అలాంటి ఇద్దరు, ఆ ఏడాది కచేరీల చివర మిగతా వాద్యగాళ్ళందరూ దిగిపోయాక, ఒక గిటార్, ఒక గొంతుతో ఈ పాట పాడేవారు. అన్నీ అయిపోయాక ఒక పాత స్నేహితుడు ఇంకొకణ్ణి టీకి పిలవడం, పాటంతా అంతే.

డాల్ట్రీ గొంతు అరిగిపోయిందంటారు. నిజమే, అప్పటికి 62 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ గొంతుతో పాడితే ఇది అబద్ధమయ్యేది. ఆల్బమ్ మొత్తం ఇంత బాగుందని మాత్రం మేము అనం, అందులో మొదలవగానే తెగిపోయే పాటలు చాలానే ఉన్నాయి.

బదిలీల మీద బతికే మనకు ఇది ఇంకాస్త దగ్గరి పాట. ఒక ఊళ్ళో సామాను కట్టుకునే హడావిడిలో పక్క క్వార్టర్ వాళ్ళతో మాకు మాటామాటా వచ్చింది. కారణం నీళ్ళ ట్యాంకు అనుకుంటాం. ఆరేళ్ళు ఫోన్ చేయలేదు. కోపం రెండు నెలల్లోనే పోయింది, ఏమని మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయాం. ఈ పాటలో క్షమాపణతో మొదలుపెట్టడం లేదు, తప్పెవరిదో తేల్చడం లేదు, ముందు టీ. పోయిన వేసవిలో ఆ ఊరి మీదుగా వెళ్తూ దిగాం. వాళ్ళు రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నారు. టీలో చక్కెర ఎప్పటిలాగే ఎక్కువ. ట్యాంకు మాట ఎవరూ ఎత్తలేదు.

పిల్లలూ, వినాలనుకుంటే ముందు 'మై జనరేషన్' వినండి, వెంటనే ఇది పెట్టుకోండి. రెండింట్లోనూ గొంతు డాల్ట్రీదే, గిటార్ టౌన్షెండ్‌దే.