జి-హెచ్ తప్పు కాదు, మన ‘వాండ్లు’ కూడా తప్పు కాదు

మొన్న ఒక పెళ్ళికని ముళబాగిలు పక్కనున్న మా ఊరి నుంచి విజయవాడ పోయినాం. భోజనాల దగ్గర మా పాప “వాండ్లు ఇంకా రాలేదు” అంది. పక్కన ఒక పెద్దావిడ నవ్వి, “వాండ్లు ఏమిటమ్మా, వాళ్ళు అనాలి” అన్నారు. ఆమె ప్రేమగానే చెప్పారు. కానీ పాప ఆ రెండు రోజులూ మళ్ళీ తెలుగులో నోరు విప్పలేదు. మాతో కూడా కన్నడమే.

మాకు అప్పుడు మా ఇంగ్లీషు చదువు గుర్తొచ్చింది. మేము కన్నడ మీడియం వాళ్ళం. రాసినదాన్ని రాసినట్టే చదవడం అలవాటు. ఇంగ్లీషులో ఓ-యు-జి-హెచ్ అనే నాలుగక్షరాల దగ్గర ఆ అలవాటు దెబ్బ తినింది. అవే అక్షరాలు, ఒకచోట ‘కాఫ్’, ఒకచోట ‘రఫ్’, ఒకచోట ‘దో’, ఇంకోచోట ‘త్రూ’. కాలేజీలో నాగలి గురించిన మాట వస్తే ‘ప్లఫ్’ అని చదివినాం. ‘ప్లౌ’ అనాలంట. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా మేము క్లాసులో గట్టిగా చదివింది లేదు.

ఆ జి-హెచ్ ఎందుకుందో చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. వెనకట ఇంగ్లీషువాళ్ళు దాన్ని పలికేవాళ్ళే. గొంతులోంచి గరగరమని వచ్చే ‘ఖ్’ లాంటి శబ్దం అది. ముందు దానికి ఒట్టి హెచ్ రాసేవాళ్ళు. 1066లో నార్మన్లు వచ్చాక, వాళ్ళ రాతగాళ్ళ చేతుల్లో అది మెల్లగా జి-హెచ్ అయింది. 1476లో కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టినాక స్పెల్లింగు కొంచెం కొంచెంగా గట్టిపడింది. నోరు మాత్రం ఆగలేదు. ‘నైట్’, ‘లైట్’, ‘డాటర్’లలో ఆ శబ్దం పూర్తిగా పోయింది, ‘కాఫ్’, ‘రఫ్’, ‘లాఫ్’లలో ‘ఫ్’ అయింది. జర్మన్‌వాళ్ళు ఇప్పటికీ రాత్రిని ‘నాఖ్ట్’ అంటారు, వెలుగును ‘లిఖ్ట్’ అంటారు. స్కాట్లండ్ పల్లెల మాటలో ‘నిఖ్ట్’ ఉంది. లండన్ మర్చిపోయింది స్కాట్లండ్ పల్లె మర్చిపోలేదు.

అట్లని ప్రతి జి-హెచ్ పాతదేమీ కాదు. ‘డిలైట్’ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, అందులో జి-హెచ్ లేనే లేదు. ‘లైట్’ను చూసి ఎవరో చేర్చినారు. ఎక్కిళ్ళను ‘హికప్’ అనేవాళ్ళు. ఇది దగ్గుకు చుట్టమేమో అనుకుని చివర ‘కాఫ్’ స్పెల్లింగు తగిలించినారు. డిక్షనరీల్లో ఆ రూపం ఇంకా ఉంది, పలికేది మాత్రం హికప్ అనే. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు కాబట్టి ఇది చూస్తే మాకు నవ్వొస్తుంది. లేని బగ్గును ఫిక్స్ చేయబోయి కొత్త బగ్గు పెట్టినారు. టెస్టింగులో మేము నేర్చుకున్న మొదటి పాఠం, వింతగా కనిపించిన ప్రతిదాన్నీ తప్పని రాసెయ్యకూడదు. ఇది ఎప్పటినుంచి ఇట్లుందో ముందు చూడాలి.

ఇప్పుడు వాండ్లు దగ్గరికి వస్తాం. తెలుగు అక్షరాలు మేము బడిలో కాదు, ఇంట్లో తాత పెట్టెలోని పాత పద్యాల పుస్తకం పట్టుకుని నేర్చుకున్నాం. అందులో ‘వాఁడు’ అని ఉండేది, మధ్యలో అర్ధచంద్రుడి మాదిరి ఒక గుర్తు. అచ్చుతప్పు అనుకున్నాం. అది అరసున్న. ఇలాంటి మాటల్లో ఒకప్పుడు ‘న్’ శబ్దం నిండుగా ఉండేదని అది చెబుతుంది. ఏడు అంటే ఆరు తర్వాతి అంకె, ఏఁడు అంటే సంవత్సరం. తమిళనాడులో ఉండే మనవాళ్ళకు ఇది ఇంకా సుళువుగా పట్టుబడుతుంది. మన ‘దాఁటు’ అక్కడ ‘తాండు’.

ఆ ‘న్’ ఏకవచనంలో పోయింది. బహువచనంలో మా అవ్వ నోట్లో అట్లే ఉంది. వాండ్లు, పదేండ్లు. కోస్తాలో అవే వాళ్ళు, పదేళ్ళు అయినాయి. కొత్త పుస్తకాల్లో అరసున్న కూడా రాయడం లేదు. ఇక ఆ శబ్దం మిగిలింది మనలాంటి ఇళ్ళలోనూ, రాయలసీమలోనూ, తెలంగాణలోనూ. పాప చేసిన ‘తప్పు’ అది.

మన ఇంటి మాటంతా ప్రాచీనమని గొప్పలు పోవడం లేదు. మేము “సుమ్నే కూచో” అంటాం. ఆ సుమ్నే అచ్చమైన కన్నడం, దాన్ని పాత తెలుగు అంటే అది ‘డిలైట్’కు జి-హెచ్ పెట్టినట్టే. పాప పరీక్షలో రాసేటప్పుడు ‘వాళ్ళు’ అనే రాయాలి, అదీ నేర్పుతున్నాం. కానీ ఇంట్లో, పెళ్ళిళ్ళలో, అవ్వ దగ్గర ఆ మాటను దిద్దడానికి మేము ఒప్పుకోం. దిద్దినప్పుడల్లా పిల్లలు మంచి తెలుగుకు మారతారని అనుకుంటారు. మారేది కన్నడానికి, తమిళానికి, ఒడియాకు. మా చుట్టాల ఇళ్ళలో రెండు తరాలుగా చూస్తున్నది అదే.

ఉగాదికి ఆ పెద్దావిడ మా ఊరికి వస్తామన్నారు. మా అవ్వ పక్కనే కుర్చీ వేస్తాం.