కార్డు ఉంది, మాత్ర లేదు

పెద్ద ఆపరేషనుకు లక్షల రూపాయల కార్డు ఉన్న ఇంట్లోనే నెలకు సరిపడా బీపీ మాత్రలు కొనడానికి డబ్బు చాలదు. ఈ వైపరీత్యం మన పాతబస్తీ గల్లీలకు కొత్త కాదు. దేశంలో ప్రాథమిక వైద్య సంస్కరణ ఎక్కడ తడబడుతున్నదో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదని మేము భావిస్తున్నాము.

ఆలోచనకు కొదవ లేదు. చెల్లించే స్తోమత లేని కారణంగా ఎవరూ వైద్యానికి దూరం కారాదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న ప్రమాణమూ ఉంది. ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలనీ, అందులో కనీసం మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే దక్కాలనీ 2017 జాతీయ ఆరోగ్య విధానం నిర్దేశించింది. గడువు వచ్చింది, 2.5 శాతం రాలేదు.

కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కరలేదు. గుండె ఆపరేషను జరిగితే లబ్ధిదారుని ఫొటో పత్రికలో పడుతుంది. రక్తపోటు అదుపులో ఉండి పక్షవాతం రాని మనిషికి ఫొటో ఉండదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, కాదనము. కానీ అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారి పథకం. 2018 నాటి ఆయుష్మాన్ బీమా కూడా అటువంటిదే.

ఆస్పత్రి దాకా వెళ్లే అవసరం రాకుండా చూసేది ఆశా కార్యకర్త. పరదా పాటించే ఇంట వైద్యుని కన్నా ముందు గుమ్మం దాటగలిగేది ఆమే. 2005 నుంచి నేటి దాకా కాగితాల మీద ఆమె స్వచ్ఛంద సేవిక. ఆమెకు దక్కేది జీతం కాదు, పారితోషికం.

హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు గల్లీ చెంతకు డాక్టరును తెచ్చాయి, ఆ మేలు మరువరాదు. అయితే పగటి పూట మాత్రమే తెరిచి ఉండే దవాఖానాకు ఆటో నడిపే అన్న, లక్క గాజులు చేసే తల్లి వెళ్లాలంటే ఆ రోజు సంపాదన వదులుకోవాలి. పల్లెల సంగతి మరీ దారుణం. ముస్లింలు అధికంగా ఉన్న ఎన్నో పెద్ద గ్రామాలలో వైద్య సదుపాయమే లేదని 2006లో సచార్ నివేదిక ఎత్తిచూపింది.

ఇక 2023లో కేంద్రం ఈ ఆరోగ్య కేంద్రాల పేరును ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా మార్చింది. తెలుగులో మందిరమంటే ఇల్లని కూడా అర్థమే. ఆ మాటతో మాకు పేచీ లేదు. బోర్డు మీద చూపిన పట్టుదల మందుల గది మీద చూపలేదన్నదే మా ఫిర్యాదు. పంజాబ్‌కు రావలసిన కేంద్ర నిధులు ఇలాంటి పేరు తగాదాలోనే ఆగిపోయాయి. నష్టపోయింది రోగులు.

పట్టణ బస్తీలలో మహిళా ఆరోగ్య సమితులు, ఆరోగ్య కేంద్రాల వద్ద జన ఆరోగ్య సమితులు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. మీ బస్తీలో సమితి ఉన్నదా? అందులో మన ఆడబిడ్డలు ఎందరు? అది చివరిసారి ఎప్పుడు సమావేశమైంది? వచ్చే జుమా తరువాత మసీదు కమిటీలు ఈ మూడు ప్రశ్నలతో దవాఖానాకు వెళ్లాలని కోరుతున్నాము. వెంట స్త్రీలు కూడా ఉండాలి. ఏ మందు ఉన్నదో, ఏది లేదో గోడ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించమని, వారానికి రెండు రోజులైనా రాత్రి దాకా తెరవమని లిఖితపూర్వకంగా అడగండి. రసీదు తీసుకోవడం మరువకండి.