టెన్త్ ఆగిన చోట నుంచే...

టెన్త్ మధ్యలో వదిలేసినవాళ్లు మన చుట్టూ చాలామందే. ఆర్డర్ తెచ్చిచ్చే తమ్ముడు, పెళ్లితో పుస్తకాలు అటకెక్కించిన అక్క. ఐటీఐలో చాలా ట్రేడ్లకి కూడా టెన్త్ అడుగుతారు. ‘ఈ వయసులో మళ్లీ బడికా?’ అంటారు. అక్కర్లేదు బాస్!

కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. తెలుగు మీడియం ఉంది. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 33 శాతం మార్కులు రావాలి. ఐదేళ్ల టైమ్, తొమ్మిది ఛాన్సులు. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే. మా కోడింగ్ వాళ్ల భాషలో, ప్రోగ్రెస్ సేవ్ అయిపోయింది!

మీకు తెలిసిన ఒక్కరికి ఈ మాట చెప్పండి. ఫామ్ నింపేటప్పుడు పక్కన కూర్చోండి.