పాయింటుకు ఎన్ని పైసలు?

2023 సెప్టెంబర్ 1న యాక్సిస్ బ్యాంకు మ్యాగ్నస్ క్రెడిట్ కార్డు నిబంధనలు మారాయి. ముందురోజు వరకూ ఆ కార్డులోని 5 పాయింట్లను విమానయాన సంస్థల ఖాతాలోకి మార్చుకుంటే, టికెట్లకు వాడుకునే 4 మైళ్లు వచ్చేవి. ఆ రోజు నుంచి వచ్చేవి రెండే. ఎప్పుడో తీరిగ్గా విదేశాలకు వెళ్దామని 5 లక్షల పాయింట్లు దాచుకున్నవాళ్లకు 4 లక్షల మైళ్లకు బదులు 2 లక్షలే మిగిలాయి. నెలకు లక్ష రూపాయలు ఖర్చు చేస్తే అదనంగా ఇస్తామన్న 25 వేల పాయింట్లు కూడా ఆగిపోయాయి. వార్షిక రుసుము మాత్రం 10 వేల నుంచి 12,500 రూపాయలకు పెరిగింది.

అంతకుముందు, అదే కార్డు మీద నెలకు లక్ష ఖర్చు పెట్టిన మనిషికి మామూలు పాయింట్లు 6 వేలు, అదనపువి 25 వేలు కలిసి 24,800 మైళ్లు దక్కేవి. నిబంధనలు మారాక అదే లక్షకు 2,400 మైళ్లు. పదోవంతు కూడా కాదు.

బ్యాంకు చట్టవిరుద్ధంగా చేసిందేమీ లేదు. పాయింట్ల విలువను ఎప్పుడైనా మార్చే హక్కు తమదేనని నిబంధనల్లో అన్ని బ్యాంకులూ ముందే రాసుకుంటాయి. కార్డు వాడేవాళ్లు ముందు పట్టించుకోవాల్సింది దీన్నే. పాయింటు డబ్బు కాదు. దాని మీద వడ్డీ రాదు, దాని విలువ ఎదుటివాడి చేతిలో ఉంటుంది, పైగా చాలా కార్డుల్లో రెండు మూడేళ్లకు గడువు తీరి మురిగిపోతుంది. వచ్చిన పాయింట్లను మంచి రేటుకు, వీలైనంత త్వరగా వాడేయడమే తెలివైన పని.

మంచి రేటు అంటే ఎంత? దీనికి జవాబు చెప్పగలిగే కార్డుదారులు తక్కువే. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు రెగాలియా గోల్డ్ కార్డునే చూద్దాం. 150 రూపాయల ఖర్చుకు 4 పాయింట్లు వస్తాయి. వాటిని బిల్లులో తగ్గించుకుంటే పాయింటుకు 20 పైసలు. అదే బ్యాంకు స్మార్ట్‌బై సైటులో విమాన టికెట్టుకో హోటల్ గదికో వాడితే 50 పైసలు. అంటే లక్ష పాయింట్లున్న కుటుంబం ఒక దారిలో వెళ్తే 20 వేలు, ఇంకో దారిలో వెళ్తే 50 వేలు. అదే బ్యాంకు ఇన్ఫినియా కార్డులో ఈ తేడా మరీ ఎక్కువ. బిల్లులో అయితే 30 పైసలు, ప్రయాణానికైతే రూపాయి. లక్ష పాయింట్ల మీద 70 వేలు పోగొట్టుకున్నా, పోయిందన్న సంగతి కూడా తెలియదు. మిక్సీలు, సూట్‌కేసులు, గిఫ్టు వోచర్లు చూపించే కేటలాగ్‌లో కూడా సాధారణంగా ప్రయాణానికి వచ్చినంత విలువ రాదు.

ప్రయాణానికే ఎందుకు ఎక్కువ? 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టిన అడ్వాంటేజ్ మైళ్ల పథకంలో దీని మూలం దొరుకుతుంది. ఎలాగూ ఖాళీగా ఎగిరే సీటును పాత ప్రయాణికుడికి ఇస్తే సంస్థకు అయ్యే అదనపు ఖర్చు చాలా తక్కువ, ఆ ప్రయాణికుడికి మాత్రం అది వేల రూపాయల టికెట్టు. తర్వాత ఈ మైళ్లను సంస్థలు బ్యాంకులకు టోకున అమ్మడం మొదలుపెట్టాయి. బ్యాంకు నగదు ఇవ్వాలంటే రూపాయికి రూపాయి జేబులోంచి తీయాలి. మైలు రూపంలో ఇస్తే దానికి అంత పడదు. అందుకే బ్యాంకులు ప్రయాణం వైపు ఎక్కువ విలువ పెట్టగలుగుతున్నాయి. ఎవరూ వాడకుండా మురిగిపోయే పాయింట్లు బ్యాంకుకు మిగులు.

బ్యాంకు సైటులో టికెట్టు కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అక్కడ చూపే ధర విమానయాన సంస్థ సొంత సైటులోని ధర కంటే ఎక్కువ ఉండొచ్చు. సౌకర్య రుసుము వేరే. పాయింట్లు వాడినందుకే 99 రూపాయలు, దానిమీద జీఎస్టీ వసూలు చేసే కార్డులున్నాయి. టికెట్టు మొత్తాన్ని పాయింట్లతో కట్టనివ్వనివీ ఉన్నాయి. ఇన్ఫినియాలోనే 70 శాతం వరకు పాయింట్లు, మిగతాది డబ్బు. రెండు సైట్లూ పక్కపక్కన తెరిచి పోల్చితే గానీ అసలు పైసలు తేలవు.

అసలైన లాభం, అసలైన ప్రమాదం రెండూ ఉన్నది పాయింట్లను మైళ్లుగా మార్చుకోవడంలో. తెలుగువాళ్లకు ఇది బాగా దగ్గరి విషయం. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు శంషాబాద్‌లో విమానమెక్కి దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతుంటారు. ఈ దారుల్లో తిరిగే సంస్థలన్నింటికీ మైళ్ల పథకాలున్నాయి. వాటిలో చాలావాటికి మన బ్యాంకుల పాయింట్లను మార్చుకోవచ్చు.

లెక్క కష్టమేమీ కాదు. ఒక టికెట్టు 90 వేలు అనుకుందాం. మైళ్లతో తీసుకుంటే 60 వేల మైళ్లు, పన్నులు 15 వేలు. ఆదా అయింది 75 వేలు, కాబట్టి మైలుకు రూపాయి పావలా. బంగారం లాంటి రేటు. ఇంకో సంస్థలో అదే 60 వేల మైళ్లకు వచ్చే టికెట్టు ధర 45 వేలే, పన్నులూ ఇంధన సర్‌చార్జీ కలిపి 27 వేలు అయితే? మిగిలింది 18 వేలు, మైలుకు 30 పైసలు. ఆ మాత్రానికి మైళ్లు తగలేసుకోనక్కర్లేదు. ఈ సర్‌చార్జీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన సొంత విమానాల్లో మైళ్ల టికెట్ల మీద ఇంధన సర్‌చార్జీని 2017లో ఎత్తేసింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ దూరప్రయాణాల మైళ్ల టికెట్ల మీద మాత్రం అది భారీగానే పడుతుంది.

బిజినెస్ క్లాసు దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. 3 లక్షల టికెట్టు మైళ్లతో వచ్చింది కాబట్టి 3 లక్షలు మిగిలాయనుకుంటారు. డబ్బు పెట్టి ఎన్నడూ కొనని టికెట్టు మీద ఆదా ఎక్కడిది? వాళ్లకు నిజంగా మిగిలింది, మామూలుగా కొనే ఎకానమీ టికెట్టు ఖరీదే. అయితే ఒక సందర్భంలో ఈ కఠిన లెక్కను పక్కన పెట్టొచ్చు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బయ్యేళ్ల తల్లికి ఇరవై గంటల ప్రయాణంలో కాళ్లు చాపుకుని పడుకునే సీటు దొరకడం నిజమైన విలువే. పాయింట్లకు అంతకంటే మంచి ఉపయోగం అరుదు.

ఇక్కడ పాటించాల్సిన వరుస ఒకటుంది. సీటు ఉందో లేదో ముందు విమానయాన సంస్థ సైటులో చూసుకోవాలి, తర్వాతే పాయింట్లు మార్చాలి. ఒకసారి మైళ్లుగా మారిన పాయింట్లు వెనక్కి రావు. వేసవి సెలవుల్లో, విద్యార్థులు అమెరికా వెళ్లే ఆగస్టులో మైళ్ల సీట్లు దొరకడం కష్టం. చాలా సంస్థలు దాదాపు ఏడాది ముందే సీట్లు తెరుస్తాయి. వచ్చే మే నెల ప్రయాణానికి ఈ వేసవి నుంచే వెతకాలి. ఒకే సంస్థ మీద ఆశలన్నీ పెట్టుకోవడమూ మంచిది కాదు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు దాని మైళ్ల పథకం వేరే కంపెనీ కింద బతికింది గానీ, ఆ మైళ్లతో ఎక్కడానికి జెట్ విమానమే లేకుండా పోయింది. బ్యాంకు పాయింట్లను పాయింట్లుగానే ఉంచి, టికెట్టు ఖాయమైన రోజున మార్చుకోవడమే క్షేమం.

ఇదంతా బిల్లు మొత్తం గడువులోపు కట్టేవాళ్లకే. చాలా కార్డుల్లో బకాయి మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం పైనే, 3.75 శాతం అయితే ఏడాదికి 45 శాతం. 50 వేలు ఒక నెల బకాయి ఉంటే వడ్డీ 1,875 రూపాయలు, జీఎస్టీతో కలిపి 2,200 దాటుతుంది. ఆ 50 వేలకు రెగాలియా గోల్డ్‌లో వచ్చే పాయింట్లు 1,333, ప్రయాణానికి వాడినా 666 రూపాయలు. పాత బకాయి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీలేని గడువు పోతుంది. బకాయి మోస్తున్నవాళ్లు పాయింట్ల సంగతి పూర్తిగా మరిచిపోయి, ముందు అప్పు తీర్చాలి. ఏటా కనీస ఖర్చు లక్ష్యం అందుకోవడానికి అవసరం లేని వస్తువులు కొనే అలవాటు కూడా ఈ కోవలోదే. విదేశాల్లో గీకేవాళ్లు ఇంకోటి గమనించాలి. చాలా కార్డులు కరెన్సీ మార్పిడికి 3.5 శాతం, దానిమీద జీఎస్టీ తీసుకుంటాయి. లక్షకు 4,130 రూపాయలు. వచ్చే పాయింట్లు తరచూ ఆ ఖర్చుకే చాలవు.

వాడేవాళ్లు ఎంత జాగ్రత్తపడినా, అన్ని లెక్కలూ వాళ్లే వేసుకోవాలనడం న్యాయం కాదు. నిబంధనల్లో రెండు మార్పులు రావాలి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన క్రెడిట్ కార్డు మార్గదర్శకాల ప్రకారం చార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి. పాయింట్ల విలువ తగ్గించడానికి ఆ నెల సరిపోదు. ఖర్చు జరిగిపోయింది, వార్షిక రుసుము కట్టేశారు, అప్పటి రేటు చూసే ఆ కార్డు తీసుకున్నారు. అప్పటికే సంపాదించిన పాయింట్లకు కనీసం ఆరు నెలలు పాత రేటే వర్తించాలి. పాయింట్లు తాము ఇచ్చే కానుక అని బ్యాంకులు వాదిస్తాయి. కానుక అయితే దాన్ని చూపించి కార్డులు అమ్మకూడదు, రుసుము వసూలు చేయకూడదు.

రెండో మార్పు ఇంకా తేలిక. కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందన్న హెచ్చరికను ప్రతి బిల్లులో ముద్రించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. వడ్డీని ఏడాది రేటులో చూపాలనీ ఉంది. అదే పద్ధతిలో పాయింట్ల పక్కన మూడు విషయాలు రూపాయల్లో చూపించమనాలి: బిల్లులో తగ్గించుకుంటే ఎంత, ప్రయాణానికి వాడితే ఎంత, రాబోయే మూడు నెలల్లో గడువు తీరి పోయేది ఎంత. ఈ మూడు అంకెలూ బ్యాంకుల కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి.